ఈడ కూసోని భయపడు

పుంగనూరులో మా కుక్కకు వైద్యం చేసే డాక్టరుగారు పోయారు. కుప్పంలో కూతురింటికి వెళ్ళి ఉండగా గుండె ఆగిందట. కాంపౌండరు ఫోన్ చేసి "సారు ఇంక లేరమ్మా" అన్నాడు. మా కరియకు ఏటా వేయించే పిచ్చికుక్క టీకా ఆ వారంలోనే ఉంది. ఆయన కోసం ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కరియ గురించి భయం పట్టుకుంది.

మొదటిసారి టీకా వేయించి ఇంటికి తెచ్చాక కరియ మూతి బూరెలా ఉబ్బింది, కళ్ళు మూసుకుపోయాయి. ఎవరి కన్ను పడిందోనని ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేశాను. ఆ ఘాటుకు అది దగ్గడం మొదలుపెట్టింది. ఊపిరి ఆగిపోతుందనుకుని కొంగులో చుట్టుకుని పరుగెత్తాను.

డాక్టరుగారు దాని బొచ్చు వాసన చూశారు.

"మిరపకాయలు కాల్చినావా అమ్మా?"

తలూపాను.

"మూతి వాసిండేది సూది వల్లే. కొన్నిటికి పడదు, దానికి మందేస్తా. దగ్గు మాత్రం నీ మిరపకాయలది."

నా కంగారు చూసి ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికే ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మరుసటేడు నేనే అడ్డం తిరిగాను. "ఇంక సూదొద్దు సార్, సచ్చిపోతాది."

"వాపొస్తే నా దగ్గర మందుండాది. పిచ్చికుక్క కరిసి ఆ రోగమొస్తే లేదమ్మా."

"భయంగా ఉండాది సార్."

"ఉండనీ. ఇంటికి పోయి యాల భయపడేది? ఈడ కూసోని భయపడు."

అప్పటినుంచి ఏటా అదే పద్ధతి. ముందు వాపు రాకుండా ఒక మందు, తర్వాత టీకా, ఆపైన బయట బల్ల మీద అర్ధగంట. పక్కనే ఆయనా కూర్చునేవారు. సదుం నుంచి గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు గొణుక్కున్నా లేచేవారు కాదు. మధ్యమధ్యలో కరియ పెదవి ఎత్తి చిగుళ్ళు చూపించేవారు. "ఎర్రగానే ఉండాది, సూడు. తెల్లగా పాలిపోతేనే భయం."

నిన్న మదనపల్లె తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మకు పాత సంగతంతా చెబితే ఓపిగ్గా విని, ముందు మందూ తర్వాత టీకా వేసింది. ఇంక వెళ్ళొచ్చంది. నేను మాత్రం బయట మెట్టు మీద కూర్చున్నాను.

కరియ నా పక్కనున్న ఖాళీ చోటు వైపు మెడ చాచి, మూతి పైకెత్తి ఆగింది. నేనే దాని పెదవి ఎత్తాను.

"ఎర్రగానే ఉండాది సార్" అన్నాను.

అర్ధగంట ఇంకా కాలేదు.