లోపలి కంప్యూటర్

మా డీటీపీ షాపులో పెళ్ళికార్డుల కంప్యూటర్ మీద పెద్దకర్మ కార్డు కొట్టకూడదు. అది బావ పెట్టిన రూలు. బావంటే మా అక్క మొగుడు, షాపులో నా భాగస్వామి. అనకాపల్లి బెల్లం మార్కెట్ రోడ్డులో మిగతా షాపులవాళ్ళు మా చాదస్తం చూసి నవ్వేవాళ్ళు. చావుకార్డుల కోసమని విడిగా ఓ పాత కంప్యూటర్ ఉండేది. అది పాడయ్యాక ఇంకోటి కొనడం దండగని, ఉన్నదాంట్లోనే వర్చువల్ మెషీన్ పెట్టాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అన్నమాట. దాని విండోస్ వేరు, ఫోల్డర్లు వేరు.

బావ అనుమానంగా చూశాడు. "ఇటుది అటు ఎల్లిపోదు కదా?"

"మనం దారి తెరిత్తే తప్ప ఎల్లదు బావా."

"తెరవకు. పిల్ల పెళ్ళికార్డు ఇందులోనే సేత్తన్నాం. దానికి సావు గాలి తగలకూడదు."

నాకు ఒళ్ళు మండింది. విండోస్‌కి మైలేమిటి? కానీ ఒక్కగానొక్క కూతురు, ఆయనకు ప్రాణం. రెంటికీ మధ్య ఫైళ్ళ షేరింగ్ ఆపేశాను.

ఆ కార్డు ప్రింటుకి వెళ్ళకముందే బావ పోయాడు. పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తుతూ అక్కడే కూలబడ్డాడు. పెళ్ళి వాయిదా పడింది.

ఆయన పెద్దకర్మ కార్డు ఇంకెవరు కొడతారు? నేనే లోపలి కంప్యూటర్ తెరిచాను. ఎందరి పేర్లో కొట్టిన చోటే ఆయన పేరూ కొట్టాను. ఇక ఫోటో కావాలి. కెమెరా కనిపిస్తే మొహం తిప్పుకునే మనిషి. నవ్వుతున్న ఫోటో ఒక్కటే ఉంది, కూతురి నిశ్చితార్థంలోది. అది బయటి కంప్యూటర్లో, పెళ్ళి ఫోల్డర్లో ఉంది.

షేరింగ్ ఆన్ చేశాను. బావ వద్దన్న దారి ఆయన కోసమే తెరవాల్సి వచ్చింది. కస్టమర్లు చూస్తుండగానే ఏడ్చేశాను.

ఫోటోలో ఆయన పక్కన మేనకోడలు ఉంది. పెళ్ళి కావాల్సిన పిల్ల ఆ కార్డు మీద ఉండకూడదని ఆమెను కత్తిరించేశాను. కానీ తండ్రి భుజం మీద వేసిన చెయ్యి మిగిలిపోయింది, గోరింటాకుతో సహా. ఎంత చెరిపినా చొక్కా పాడవుతోంది తప్ప చెయ్యి పోవడం లేదు. విసుగొచ్చి మౌస్ విసిరికొట్టాను.

మేనకోడలు ఎప్పుడొచ్చిందో, నా కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"ఉండనీ మావయ్యా," అంది. "నాన్నని అటు ఒక్కణ్ణీ పంపకు."

చెయ్యి అలాగే ఉంచి ప్రింటు ఇచ్చేశాను.