నలభై మంది ప్రార్థించిన కాఫీ

అమెరికాలో నోవై అనే ఊళ్లో కార్ల వైపర్లను పరీక్షించడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే సంబంధాల వాళ్లు "సాఫ్ట్‌వేర్ కాదా అమ్మా?" అని అడుగుతారు. ముప్ఫై రెండేళ్లు వచ్చాక నేనే ఫోన్‌లో డేటింగ్ యాప్ పెట్టుకున్నాను. అందులో ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. తెలుగువాళ్లబ్బాయే, పుట్టి పెరిగింది ఇక్కడే, పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో. శనివారం నాలుగింటికి కాఫీకి కలుద్దామనుకున్నాం.

నేను చేసిన తప్పు ఒక్కటే. మా తెలుగు చర్చిలో నన్ను కూతురిలా చూసుకునే ఆంటీ ఒకావిడ ఉన్నారు. ఆవిడకి చెప్పాను.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. ఊరికే ప్రార్థన చేయండి, చాలు."

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ప్రభువుకే చెప్పారు. కాకపోతే బుధవారం ప్రార్థన కూటంలో, చర్చి అంతా ఫోన్ లైన్‌లో ఉండగా చెప్పారు.

"తండ్రీ, వైపర్ల కంపెనీలో పనిచేసే మా బిడ్డ శనివారం నాలుగు గంటలకి, లైబ్రరీ ఎదురు కాఫీ షాపులో ఒక అబ్బాయిని కలవబోతోంది. పేరు చెప్పను, నీకు తెలుసు."

నలభై మంది ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అనకపోతే బాగుండదు కదా.

శనివారం మంచు కురుస్తోంది. నేను పది నిమిషాలు ముందే వెళ్లాను. మూల టేబుల్ దగ్గర ఇద్దరు చర్చి అంకుల్స్ ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. "ఇంట్లో వైఫై పోయిందమ్మా" అన్నారు ఒకాయన, నేనేమీ అడక్కుండానే. కిటికీ పక్కన ఆంటీ, మరో ఇద్దరు. జన్మలో కాఫీ ముట్టని ఆంటీ ముందు ఇంత పెద్ద కప్పు.

అబ్బాయి వచ్చాడు. కోటు మీది మంచు దులుపుకుంటూ, "నేను లేట్ ఉన్నానా?" అన్నాడు తెలుగులో. కార్‌లో దారంతా ఆ వాక్యమే ప్రాక్టీస్ చేశాడట. కూర్చున్న రెండు నిమిషాలకి గొంతు తగ్గించాడు.

"నీ వెనక అందరూ మనల్ని చూస్తున్నారు. నీకు తెలుసా వాళ్లు?"

"మా చర్చి."

"మొత్తం చర్చి?"

"లేదు. కొంతమందికి ఇవాళ డ్యూటీ ఉంది."

పగలబడి నవ్వాడు. నాకు అక్కడే నచ్చాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. అంకుల్స్ లాప్‌టాప్ మూతపడే ఉంది.

బయటికి వచ్చేసరికి అతని కారు మంచులో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలట్లేదు. మేం సాయం అడగలేదు. తలుపు తీసుకుని అంకుల్స్ ఇద్దరూ వచ్చేశారు. ఒకాయన వెనక నుంచి, వైఫై పోయినాయన డ్రైవర్ తలుపు పక్క నుంచి తోయడం మొదలుపెట్టారు. కారు అద్దం దించి ఉంది. ఇంటర్వ్యూకి అంతకంటే అనువైన చోటు ఆయనకి దొరకదు.

"ఏం చేస్తావు బాబూ?"

"సీట్‌బెల్ట్స్ డిజైన్ చేస్తాను అంకుల్."

"కాంట్రాక్టా, పర్మనెంటా?"

"పర్మనెంట్."

"మంచిది. ఏ చర్చికి వెళ్తారు?"

"మేము గుడికి వెళ్తాం అంకుల్. మా అమ్మ అక్కడ వాలంటీర్."

అంకుల్ తోయడం ఆపేశారు. కారు వెనక్కి జారింది. వెనకాయన కేకపెట్టారు. ఒక్క క్షణం ఆలోచించి ఈయన మళ్లీ తోయడం మొదలుపెట్టారు. ఆయన మంచివారు.

"అంకుల్, నువ్వు స్టాప్ చెయ్యి. నీకు నడుం నొప్పి వస్తుంది" అన్నాడు అబ్బాయి. అరవై ఏళ్ల మనిషిని నువ్వు అన్నందుకు నాకు చెమటలు పట్టాయి. అంకుల్ మాత్రం నా వైపు తిరిగి, "మా వాడూ ఇంతేనమ్మా. నువ్వు అన్నాడంటే సొంతవాళ్లం అనుకున్నట్టు" అన్నారు.

కారు బయటపడింది.

ఆ తర్వాత ఆరుసార్లు కలిశాం. ఆరోసారి అతనే చెప్పాడు, తనకి ఇప్పట్లో పెళ్లి ఆలోచన లేదని. ముందే చెప్పాల్సింది, సారీ అన్నాడు. నేను ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, బట్టలు ఉతుక్కుని, మడతపెడుతూ ఏడ్చాను.

వారం తర్వాత ఆంటీ మా ఇంటికి వస్తే సంగతి చెప్పాను. ఆవిడ సోఫాలో కూలబడి కళ్లు తుడుచుకోసాగారు. నేను టీ పెట్టి, పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"అబ్బాయి చెడ్డవాడు కాదు ఆంటీ."

"అదేనమ్మా నా బాధ" అన్నారు. "చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాళ్లం."

తర్వాత టీలో పంచదార తక్కువైందన్నారు. నిజమే, తక్కువైంది. లేచి డబ్బా తెచ్చాను.