భుజాల మీద నడిచిన ఇల్లు

ఈ ఉదయం పెరటివైపు గోడను కెరటం కొట్టినప్పుడు నా చేతిలోని టీ గ్లాసు వణికింది. వయసు వల్ల చెయ్యి వణికిందని మా ఆవిడకు చెప్పాను గానీ, ఆవిడ అప్పటికే ఆ గోడమీద నిన్న లేని బీటను కొంగుతో తుడుస్తోంది, తుడిస్తే పోయే మరకేదో అయినట్టు.

ఉప్పాడ తీరాన పుట్టినవాళ్ళకు సముద్రం ఇంటిదాకా రావడం కొత్త కాదండీ. మా పెళ్ళయిన ఏడాది తుఫాన్లు వదలక పడవలన్నీ ఒడ్డునే పడి ఉండేవి, వేట లేదు, కుండలో బియ్యం అడుగంటాయి, పైగా నీళ్ళు మా తాటాకింటి గుమ్మం కింద ఇసుకను రోజుకింత తోడేస్తున్నాయి. అప్పుడు నేనొక్కణ్ణే ఇంటి కప్పును నెత్తిన పెట్టుకుని రోడ్డు అవతలికి మోశానని చాలామందికి చెప్పాను. ఒక్కణ్ణే కాదులెండి. మా వీధి ఆనవాయితీ ప్రకారం గుంజలకు కట్టిన తాళ్ళు విప్పి, కప్పును కప్పుగానే వీధంతా భుజాలకెత్తుకుంది. నేనూ ఓ మూల పట్టుకున్నాను. పట్టుకోలేదు, వేలాడానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అదీ నిజమే.

మోసినవాళ్ళకు ఆ ఇంటివాళ్ళు భోజనం పెట్టాలి. రొయ్యల ఇగురు పెట్టామని కూడా చెప్పుకున్నాను గానీ, మా దగ్గరున్నది గంజీ, కాల్చిన ఎండు నెత్తళ్ళూ. అవీ చాలవని తెలిసి, పక్కింటివాళ్ళు తమ గంజి తెచ్చి చప్పుడు చెయ్యకుండా మా కుండలోనే పోశారు. మా అమ్మ గరిటె ఆడిస్తూ, "ఏమర్రా, అందరి కోడళ్ళూ ఇంట్లో అడుగు పెడతారు, మా కోడలు అడుగు పెడితే ఇల్లే లేచి నడిచింది!" అంది, కొత్త పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. తిన్నది అరకడుపుకే అయినా, అంత నిండుగా లేచిన పూట మళ్ళీ ఎరగను. వెనక్కి చూస్తే మాత్రం, మేం లేచి వచ్చిన చోట పొయ్యిరాళ్ళ మధ్య నీళ్ళు ఆడుతున్నాయి, ఎవరో అప్పుడే కాపురానికి దిగినట్టు.

ఇక కదలాల్సిన పని ఉండకూడదని, జీవితమంతా కూడబెట్టి ఈ స్లాబు ఇల్లు కట్టుకున్నాం. చుట్టుపక్కలవాళ్ళూ అలాగే కట్టుకున్నారు, ఇప్పుడు అదే కెరటం చప్పుడు వింటూ ఎవరి తలుపు వాళ్ళం వేసుకుంటున్నాం. మా ఆవిడ బీట మీద నుంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది: "ఏమయ్యా, మోస్తావా ఈసారి?"

ఎప్పుడూ కోసే కోత ఒకటి కోద్దామనే నోరు తెరిచాను. తెరిచి, ఇంటి నాలుగు మూలలూ చూశాను. విప్పడానికి ఒక్క తాడైనా కనిపించలేదు.