మూడు చుట్టూ సుద్దగీత

స్టేషన్‌కి మళ్ళీ రంగులు వేస్తున్నారు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారంటే బిలాస్‌పూర్‌లో ఆ సంగతి ముందుగా తెలిసేది ముక్కుకే. ఈ ఉదయం డ్యూటీకి వెళ్తూ వంతెన మెట్లెక్కుతుంటే కిరసనాయిలు కలిపిన పచ్చిరంగు వాసన గుప్పున కొట్టింది. రెయిలింగు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. ఆ వాసనంటే నాకు ఇష్టమే. కానీ ఇరవయ్యేళ్ళ వయసులో నేను చేసిన ఒక వెర్రిపనీ, పైడిరాజు మావయ్య మొహమూ ఆ వాసన వెంటే వస్తాయి. ఆయన్ని చూడని వాళ్ళకి ఆయన గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మావయ్య మాకు చుట్టం కాదు. రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్. వాళ్ళ నాన్న విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా తాతా అంతే. మావయ్య ఉద్యోగం గూడ్సు వ్యాగన్లను పరీక్షించడం. యార్డులో బండి ఆగగానే చేతిలో సుత్తీ, జేబులో సుద్దముక్కా పెట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకి నడుస్తూ చక్రాలూ స్ప్రింగులూ చూసేవాడు. లోపం కనిపించిన వ్యాగన్ మీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. అలా గుర్తు పడిన వ్యాగన్‌ని రైల్వేలో ‘సిక్’ అంటారు, బాగుచేసేదాకా అది కదలకూడదు. ఇంటికొచ్చినా ఆ సుద్దముక్క జేబులోనే ఉండేది. హిందీ బడిలో చదివే నాకు అ, ఆలు దిద్దించింది ఆ సుద్దముక్కతోనే, వాళ్ళ వరండా గచ్చు మీద. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

రిటైరయ్యాక ఊళ్ళోనే తోర్వాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో మీగడ రంగు అంబాసిడర్ కారు. నాకంటే పెద్దది ఆ కారు. దాన్ని చూసి వీధిలో అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ కారు మావయ్య సరదా కోసం కాదు. ఆయన భార్య మంగ అత్తయ్యకి ఎడమ మోకాలు చిన్నప్పుడే బిగుసుకుపోయింది, వంగదు. ఆటోలో కూర్చోలేదు, ఈ కాలం కార్లలో ఇమడలేదు. అంబాసిడర్ వెనక సీట్లో అయితే అడ్డంగా కాలు చాపుకుని దర్జాగా కూర్చునేది. సాయంత్రం అయ్యేసరికి బజారుకో, అర్పా నది ఒడ్డుకో వాళ్ళిద్దరి ప్రయాణం. ఆవిడ బయటి ప్రపంచమంతా ఆ సీటు మీదే ఉండేది.

అలాంటి కారుకి రిజిస్ట్రేషన్ గడువు తీరింది. ఇంకో ఐదేళ్ళు పొడిగించాలంటే రవాణా ఆఫీసులో చూపించి పాస్ చేయించుకోవాలి. పాస్ కాకపోతే తిఫ్రాలో తుక్కు కొనేవాళ్ళకి అప్పగించడమే. నేను అప్పుడు పాలిటెక్నిక్ డిప్లొమా చదువుతున్నాను, సెలవులు. “ఏటే పిల్లా, పుస్తకాల్లో సదివింది సాల్లే. రా, పని నేర్చుకుందువు గాని,” అన్నాడు మావయ్య.

మొదటి రోజు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. సుద్దముక్క తీసి, వ్యాగన్ చుట్టూ తిరిగినట్టే కారు చుట్టూ తిరిగాడు. ప్రతి చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, తట్టి, ఊపి, చెవి పెట్టి, లోపం ఉన్నచోటల్లా గీత గీశాడు. వైపర్ రబ్బరు, కుడివైపు లైటు, వెనక బ్రేకు, తలుపు కింద తుప్పు. సాయంత్రానికి కారు ఒళ్ళంతా తెల్లగీతలే. నాకు బెంగ పట్టుకుంది. “ఇన్ని ఉంటే ఎలా మావయ్యా?” అన్నాను. “గీసినయ్యి పోతాయే. గియ్యనివే కొంప ముంచుతాయి,” అన్నాడు. ఆ తర్వాత పదిరోజులూ ఒక్కొక్క లోపం సరిచెయ్యడం, ఆ గీతని తడిగుడ్డతో నన్ను తుడవమనడం. ఒక్కో గీత చెరిపేస్తుంటే ఎంత హాయిగా ఉండేదో.

ఇక ఆఖరున చక్రాలకీ బంపరు పట్టీలకీ నల్లరంగు వేసే పని నాకు అప్పగించాడు. “బానెట్ లోపల ముట్టుకోకు. అక్కడ దేనికీ రంగు అక్కర్లేదు,” అని చెప్పి భోజనానికి వెళ్ళాడు. నేను పుట్టి పెరిగిందంతా రైల్వే కాలనీలో. తనిఖీ అంటే మాకు తెలిసిందొక్కటే. రాళ్ళకి సున్నం, చెట్ల మొదళ్ళకి ఎర్రమన్ను, స్తంభాలకి వెండిరంగు. కదలనిది ఏది కనబడినా దానికి రంగు పుయ్యడం. డబ్బాలో ఇంకా సగం రంగు మిగిలి ఉంది. బానెట్ ఎత్తి, లోపల మాసినట్టు కనిపించినదానికల్లా దట్టంగా పూశాను. మావయ్యని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అప్పటికే ఆయన కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి. మర్నాడు బానెట్ ఎత్తి ఇంజన్ ఆయిలు చూసుకున్నాడు గానీ, మూల ఉన్న చిన్న ఇనుప పట్టీ సంగతి గమనించలేదు.

రవాణా ఆఫీసు తనిఖీలో బ్రేకు బాగుంది, లైట్లు బాగున్నాయి, హారన్ ఊరంతా వినబడింది. ఆఫీసరు చేతిలో పెన్సిలూ పల్చటి కాగితమూ పట్టుకుని బానెట్ లోపలికి వంగాడు. కారు పుట్టినప్పుడు ఆ ఇనుప పట్టీ మీద పొడిచిన నంబరు ఒకటి ఉంటుంది. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదకి వస్తాయి, ఆ అచ్చు ఫైలులో అంటిస్తారు. ఆఫీసరు ఎంత రుద్దినా కాగితం నల్లబడింది గానీ ఒక్క అంకె రాలేదు. ఆయన తలెత్తి, “యే రంగ్ కిస్‌నే లగాయా?” అన్నాడు, రంగు ఎవరు పూశారని. దొంగ కార్లవాళ్ళు నంబరు దాచడానికి చేసే పని అదేనట. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. చూపు చక్రాల మీదకి తిప్పుకున్నాను. మావయ్య నా వైపు చూడలేదు. “మైఁనే సాబ్. గల్తీ హో గయీ,” అన్నాడు. నేనే పూశాను, తప్పయిపోయిందని. ముప్ఫయ్యేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సోమవారం లోపల నంబరు కనబడేలా చేసి తెమ్మని, లేకపోతే పొడిగించనని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు.

దారిలో తిడతాడని ఎదురుచూశాను. తిడితే ఏడ్చేసి బయటపడేదాన్ని. ఇల్లు చేరాక, “కిరసనాయిలు గుడ్డ తే. ఇనప బ్రష్షు ముట్టుకోకు, అంకెలు అరిగిపోతాయి,” అన్నాడు, అంతే. రెండు రోజులు కూర్చున్నాం. గుడ్డతో నానబెట్టడం, వెదురుపుల్ల కొనతో ఒక్కో గాడిలోంచి రంగు లాగడం. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చివరి నుంచి రెండోది మాత్రం తేలలేదు. దాన్ని ఎప్పుడో తుప్పు తినేసింది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో అది మూడు. పట్టీ మీద మాత్రం మూడో ఎనిమిదో చెప్పడం కష్టం.

“మేకుతో రెండు గీతలు గీస్తే సరి మావయ్యా. పుస్తకంలో మూడే కదా, అబద్ధమేం కాదుగా,” అన్నాను.

“మూడే. గాని మనం గీస్తే అది మన మూడవుతాది, బండి మూడు గాదు,” అన్నాడు. జేబులోంచి సుద్ద తీసి ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. ఏదైనా కనబడకపోతే బాగుణ్ణని మనం కోరుకునేచోట, ఇక్కడ చూడండని గుర్తు పెట్టాడు. నాకు మతిపోయింది. లోపల మంచం మీద కూర్చున్న అత్తయ్య కాలు చూసి, ఈయనకి జాలి లేదా అని కోపం కూడా వచ్చింది.

సోమవారం ఆఫీసరు సుద్దగీత చూసి ఇదేమిటన్నాడు. “సాబ్, యహాఁ షక్ హై,” అన్నాడు మావయ్య, ఇక్కడ అనుమానం ఉందని. ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి పాత ఫైలు తెప్పించాడు. అందులో ఏనాటిదో పెన్సిల్ అచ్చు, అంచులు పసుపెక్కి ఉంది. కొత్త అచ్చు తీసి దాని పక్కన పెట్టాడు. పాతదాంట్లో కూడా ఆ మూడు అలాగే ఉంది, అదేచోట తుప్పు తిని, అదే వంకరతో. దాన్ని మేము గీసి బాగుచేసి ఉంటే రెండు అచ్చులూ కలిసేవి కావు. ఆఫీసరు మొదటిసారి నవ్వాడు, సంతకం పెట్టాడు. అచ్చు రెండోసారి తీసిన కాగితం ఒకటి మిగిలితే మావయ్య నా చేతిలో పెట్టి, “నీ దగ్గరుంచు,” అన్నాడు. రంగు సంగతి నాలుక కొస దాకా వచ్చింది. తోర్వా చేరేసరికి మళ్ళీ లోపలికే పోయింది.

తర్వాత నాకూ మావయ్య చేసిన ఉద్యోగమే వచ్చింది. యార్డులో సుద్దముక్క పట్టుకున్న ఆడవాళ్ళు అప్పటికి తక్కువ. ఒకరోజు ఒక వ్యాగన్ స్ప్రింగులో పగులు నా కంట పడకుండా దాటిపోయింది. తర్వాతి యార్డులో పట్టుకున్నారు, ప్రమాదమేమీ జరగలేదు. విచారణలో ఆ వైపు ఎవరు చూశారని అడిగారు. ఆ షిఫ్టులో ఇద్దరం ఉన్నాం, ఊరుకుంటే తేలేది కాదు. “నేనే సార్,” అన్నాను. మందలింపు కాగితం ఇచ్చారు. అది బ్యాగులో పెట్టుకుని నేరుగా తోర్వా వెళ్ళాను.

మావయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. వ్యాగన్ సంగతి చెప్పాను. చెప్పి, ఆగకుండా, “ఆ రోజు బానెట్ లోపల రంగేసింది నేనే మావయ్యా,” అన్నాను.

ఆయన ఇంటి లోపలికి తిరిగి కేకేశాడు. “ఒలే, ఇంటన్నావా? సెప్పేసిందే!”

లోపల్నుంచి అత్తయ్య గొంతు: “ఓలమ్మ, ఇప్పటికా! ఆరేళ్ళు పట్టిందేటే నీకు?”

ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఇద్దరికీ తెలుసు. ఆరేళ్ళూ ఒక్కసారి కూడా నన్ను గుచ్చలేదు, నేనే గీత గీసుకునే రోజు కోసం కూర్చున్నారు. ఎవరైనా నన్ను అంతగా నమ్మి అంత ఓపికగా కనిపెట్టుకుని ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

మావయ్య పోయి నాలుగేళ్ళయింది. కారు ఉంది. అత్తయ్యని సాయంత్రాలు తిప్పేది ఇప్పుడు నేనే. ఈ నెలాఖరుకి గడువు మళ్ళీ తీరుతోంది. నిన్న సాయంత్రం యూనిఫాం మార్చకుండానే షెడ్డులోకి వెళ్ళి, సుద్దముక్క తీసి కారు చుట్టూ తిరిగాను. పద్నాలుగు గీతలు పడ్డాయి. చివరికి బానెట్ ఎత్తి, పర్సులోని ఆ పాత అచ్చు కాగితం తీసి చూసుకుని, మూడు చుట్టూ గుండ్రంగా గీశాను. వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టింది.

“అన్నీ గీసావేటే?”

“గీసానత్తయ్యా. ఒక్కటీ దాచలేదు.”