నలభై కార్డుల చోటు

సగటు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైలలో జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. హాజరు పుస్తకాలు తీసేసి గేటు దగ్గర కార్డు రీడర్లు పెట్టారు. యంత్రంతో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ రీడర్లు కొత్త. వాటి మాట వినే ప్రోగ్రాం ముక్క మేమే రాసుకోవాలి. అందులో ముఖ్యమైనది బఫర్. డిస్కు నిదానంగా రాసుకుంటుంది కాబట్టి, ఈలోగా వచ్చిన కార్డు నంబర్లను మెమరీలో ఆపి ఉంచే చోటు అది.

మా ఆఫీసరు నిమిషానికి సగటున ఎన్ని కార్డులు వస్తాయో చూసి నలభై నంబర్లకు చోటిచ్చాడు. అది నిండితే తర్వాత వచ్చినవి గల్లంతే.

"రెండు బఫర్లు పెడదామండీ. ఒకటి డిస్కులోకి ఖాళీ అవుతుంటే రెండోది నిండుతుంది" అన్నాను.

"మెమరీ మీ పుట్టింటి నుంచి తెస్తారా అమ్మా?" అన్నాడు. గదిలో మగవాళ్లంతా నవ్వారు.

ఆ మహానుభావుడు ఏనాడూ సైరన్ వేళకి గేటు దగ్గర నిలబడి ఎరగడు. షిఫ్టు బస్సులన్నీ ఒక్కసారే వచ్చి ఆగుతాయి. వాటిలోంచి సగటు దిగదు, మనుషులు దిగుతారు.

నెల తిరక్కుండా, మేముండే బాగ్‌బేరా పేటలో మా పక్కింటి బాబాయి మెమో పట్టుకొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, మా కార్ఖానాలోనే ఒక గ్యాంగుకి మేస్త్రీ. అయిదు రోజులు గైర్హాజరట. మళ్లీ జరిగితే మేస్త్రీ పని తీసేస్తారట.

"ఏటమ్మా ఇది? నాను రాకుండానే నా గ్యాంగు పనిసేసీసిందేటి? కార్డెట్టేను, టిక్కుమంది, లోనికెల్లేను."

"నువ్వు గ్యాంగులో ఎన్నోవాడివి వెళ్తావు బాబాయ్?"

"అందర్నీ నెక్కెట్టుకుని లోనికి తోలీసి ఆకర్న నానెల్తాను. మేస్త్రీయే ముందెల్లిపోతే ఎనకోడు రాకపోయినా ఎవుడు సూత్తాడు?"

మనుషుల్ని లెక్కపెట్టి మరీ వెళ్లేవాడు కాబట్టే యంత్రం లెక్కలోకి రాలేదు. రీడర్ టిక్కుమంటుంది, అప్పటికే బఫర్ నిండిపోయి ఉంటుంది.

మర్నాడు గైర్హాజరు జాబితా ఆఫీసరు ముందు పెట్టాను. అందులో ఎక్కువమంది మేస్త్రీలే.

"వాళ్లని కాస్త నెమ్మదిగా రమ్మనండి" అన్నాడు.

"సైరన్‌ని కూడా నెమ్మదిగా మోగమంటారా? మీ కార్డు తీసుకుని రండి."

మధ్యాహ్నం షిఫ్టుకి ఆయన్ని బాబాయి వెనకాల నిలబెట్టాను. కార్డు పెట్టాడు, టిక్కుమంది. సాయంత్రం ప్రింటవుట్‌లో మా ఆఫీసరు గైర్హాజరు.

ఆ వారమే రెండు బఫర్లూ రాశాను. లేదన్న మెమరీ ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఎవరూ చెప్పలేదు.

తర్వాత బాబాయికి ఇంకో కాగితం ఇచ్చారు. మొదటి తప్పు కాబట్టి క్షమించారట!

"పోనీలేమ్మా, ఒగ్గీసినారు కదా" అన్నాడు.

నేను పోనివ్వలేదు. చెయ్యని తప్పుకి క్షమాపణ ఫైల్లో పడి ఉంటే, రేపు చదివిన ప్రతివాడికీ ఆయన పని ఎగ్గొట్టినవాడే. కాగితం తీసుకెళ్లి ఆఫీసరు బల్లమీద పెట్టాను.

"ఆయన వచ్చాడు, మా యంత్రం రాసుకోలేదు అని రాయండి."

"అలా ఎలా రాస్తామమ్మా? సెక్షన్ పరువేం కావాలి?"

"మరి ఆయన పరువో?"

మూడుసార్లు తిప్పి పంపాను. నాలుగో కాగితంలో ఆ అయిదు రోజులూ హాజరేనని ఒప్పుకున్నారు. యంత్రం ఊసు మాత్రం ఎత్తలేదు. చదివి వినిపిస్తే బాబాయి మొహం వెలిగింది. వాళ్లు రాయకుండా మింగేసిన ఆ ఒక్క వాక్యం మీద నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.