ఎర్మా అత్త మాడ్చిన చేప

మా ఎర్మా అత్త పొయ్యి వెలిగిస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. మా హైడా తెగవాళ్ల దీవుల్లో సాల్మన్ చేప వండటం చేతకాని మనిషి ఆవిడొక్కతే. ఏదో ఆలోచనలో పడి పొయ్యి సంగతి మరిచిపోతుంది. అందుకే విందులప్పుడు ఊరి హాలు వంటగదిలోకి ఆవిణ్ణి రానివ్వరు.

ఆ రోజు మాత్రం ఆవిడ బతిమాలింది. ఎప్పుడో సమాధులు తవ్వి ఎత్తుకుపోయిన మా పెద్దల ఎముకలు దూరపు మ్యూజియం అల్మారాల్లోంచి ఇంటికొచ్చాయి. మేం చేసిన దేవదారు పెట్టెల్లో, దుప్పట్లు కప్పుకుని, హాలు వరండాలో ఉన్నాయి. మళ్లీ మట్టిలో పెట్టేముందు వాళ్లకు భోజనం పెట్టాలి. నిప్పుల్లో వేసి కాల్చిందే వాళ్లకు అందుతుంది.

"అందులో మా అమ్మమ్మ వాళ్లమ్మ ఉంది డోరీన్. ఒక్క ముక్క నా చేత్తో పెట్టనీ," అంది అత్త.

"ఇన్నాళ్లకి ఇల్లు చేరింది. మళ్లీ పారిపోయేలా చేస్తావా? నువ్వెళ్లి కుర్చీలు తుడు వదినా," అంది వంటగది పెత్తనం చేసే డోరీన్.

తీరా పళ్లేలు పట్టుకుని బయటికొస్తే వాన. భోజనం కాల్చడానికి వేసిన నెగడు తుస్సుమంది. మా క్లైడ్ బావ పెట్రోలు డబ్బా తెచ్చాడు.

"ఏరా, వాళ్లు మ్యూజియంలో మందుల వాసన పీల్చింది చాలదా? పెట్రోలు కూడా తాగించాలా?" అని విల్బర్ట్ తాత కసిరాడు.

అందరూ తడి కట్టెలు ఊదుతూ కూర్చున్నారు. సందు చూసుకుని అత్త ఖాళీ వంటగదిలో దూరింది. మూకుడు నిండా ఊలికన్ చేప నూనె పోసి సాల్మన్ వేసింది. కిటికీలోంచి పెట్టెల్ని చూస్తూ ఏడ్చింది. పొయ్యి సంగతి మరిచిపోయింది.

కాసేపటికి భగభగ మండుతున్న మూకుడుతో, "జరగండి, జరగండి," అంటూ పరుగున వచ్చి, నెగడు మీద కుమ్మరించింది. ఊలికన్ నూనె వానకు లొంగదు. కట్టెలు ఒక్కసారిగా అంటుకున్నాయి. పళ్లేలన్నీ ఒకదాని వెనక ఒకటి మంటల్లోకి వెళ్లాయి. చివరిది డోరీన్ వేసింది.

తాత మూకుడులోకి తొంగి చూశాడు.

"నీ వంట మిగలకపోవడం ఇదే మొదటిసారి ఎర్మా. మొత్తం తినేశారు."

"అమ్మమ్మ వాళ్లమ్మ కూడానా బాబాయ్?"

"ముందు ఆవిడే. నీ చేప అందాకేగా మిగతావాళ్లవి అందాయి."

మసి మొహంతో అత్త వెళ్లి ఆవిడ పెట్టె పక్కన కూర్చుంది. జారిన దుప్పటి సరిచేసింది.

"ఉప్పు వేయడం మరిచిపోయానే, ఏమనుకోకు," అంది.