నీళ్లలో నిలబడ్డ కాలు

కట్టు విప్పిన రోజు ఓదెలు తన కాలును తానే గుర్తుపట్టలేకపోయాడు. బొగ్గుబాయిలో పైకప్పు పెళ్ల ఊడి మీద పడి తొడ ఎముక విరిగితే, నెలల తరబడి మంచంలోనే ఉన్నాడు. ఏళ్లుగా బాయి మెట్లు దిగి ఎక్కిన కాలు పుల్లలా సన్నబడింది.

దవాఖానలో కసరత్తు చేయించే యాస్మీన్ అతని మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, "దీన్ని కిందికి ఒత్తు కాకా" అన్నది. ఎంత ఒత్తినా చుట్ట అణగలేదు.

"గిది నా మాట ఇంటలేదు బిడ్డా."

"ఇంటది. రోజూ అడుగు. జల్ది జల్ది చెయ్యకు."

రోజూ అడిగాడు. వానాకాలం పోయేసరికి చుట్ట అణిగింది. తర్వాత కాలికి చిన్న ఇసుక సంచి కట్టుకుని లేపడం మొదలుపెట్టాడు. యాస్మీన్ ఇసుక కొద్దికొద్దిగా పెంచింది. కళ్లు మూసుకుని కాలు లేపుతుంటే, ఎముక చుట్టూ కండ ఎక్కడినుంచో నడిచొచ్చి చేరుతున్నట్టుండేది.

చలికాలం ఒక పొద్దున భార్య జమునతో గోదావరికి పోయాడు. మంచులో అవతలి ఒడ్డే కనిపించలేదు. మోకాళ్ల లోతుకు దిగాడు. నీళ్లు కాలిని పక్కకు తోశాయి. కాలు తొణకలేదు.

"చెయ్యి పట్టుకోనా?" అడిగింది జమున.

"వద్దు. పక్కపొంటి నడువు."

జమున కూడా నీళ్లలోకి దిగింది. ఇద్దరూ ఒడ్డు వెంబడే ఆ తెల్లటి మంచులోకి మెల్లగా నడిచారు. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో ఓదెలుకు తెలియలేదు.